యాదవ్వ ఒక్కపొద్దు

యాదవ్వ కండెలు చుట్టే తీరు చూసినవాళ్లు ముందుగా ఆమె చేతుల గురించే చెబుతారు. కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ల సందున నూలు వదులుతూ, పక్కింటివాళ్లతో మాట్లాడుతూ కూడా పోగు తెగనిచ్చేది కాదు. మంథని సాలెవాడలో ఒక మగ్గం నడవాలంటే, దానికి నూలు చుట్టిన కండెలు అందించడానికి ఇంట్లో ఒక ఆడమనిషి పొద్దంతా కూర్చోవాలి. యాదవ్వ రెండు మగ్గాలకు అందించేది. ఒకటి భర్త మొండయ్యది, ఇంకొకటి బావ బుచ్చిరాములుది. తోటికోడలు కమలవ్వకు వంట ఉంది, పిల్లలున్నారు. పిల్లలు లేని మనిషికి వేరే పనేముంటుందన్నది అత్త శంకరవ్వ ఉద్దేశం.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు పెద్దపల్లి దగ్గరి పల్లె నుంచి ఆమె ఈ ఇంటికి కోడలుగా వచ్చింది. ఒక కడుపు నడుమనే పోయింది. ఇంకొకటి నెలలు నిండింది గాని, పుట్టిన బిడ్డ ఏడవలేదు. శంకరవ్వ కోడలి మీద చెయ్యి చేసుకునే మనిషి కాదు. మాటతోనే సరిపెట్టేది. కంచంలో అన్నం వేసేటప్పుడు గంటె గాలిలో ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగడం యాదవ్వ చూసేది.

1957 ఎండాకాలంలో యాదవ్వకు దప్పిక పట్టుకుంది. ఎండల్లో దప్పిక ఎవరికి ఉండదని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. వానలు పడ్డాక కూడా తగ్గలేదు. పొద్దున నీళ్లు నింపిన రంజన్ కుండ సాయంత్రానికి అడుగంటేది. మాటిమాటికి పెరట్లోకి పోవలసి రావడంతో కండెలు వెనకబడ్డాయి, మగ్గాలు ఆగాయి.

"నీకు బాయి ఇంట్లనే తవ్వియ్యాలె," అనేది శంకరవ్వ. "తాగుడు, పోవుడు. ఇగ రాట్నం ఎప్పుడు తిప్పుతవ్?"

"గొంతు ఎండుతున్నదత్తా."

"మా గొంతులు చెరువుల నానుతున్నయా?"

పెరట్లో యాదవ్వ కూర్చుని లేచిన చోట చీమలు పట్టడం మొదట చూసింది కూడా శంకరవ్వే. ఆ మాట పక్కింటి రామవ్వతో అన్నది. రామవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుని, "మా మేనమామకు గట్లనే ఉండె. షక్కర్ బీమారి. ఏడాది తిరగలే," అని చెప్పింది. అప్పటికే యాదవ్వ చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఒకనాడు రాట్నం పక్కనే ఒరిగిపోతే మొండయ్య ఆమెను పెద్దపల్లి బస్సు ఎక్కించాడు, అక్కడి నుంచి ఇంకో బస్సులో కరీంనగర్ తీసుకుపోయాడు.

దవాఖానలో డాక్టరు హైదరాబాదు మనిషి. ఓపిక ఉన్నవాడు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో యాదవ్వ మూత్రం చుక్కలు వేసి, దీపం మీద కాచి మొండయ్యకు చూపించాడు. నీలం పోయి ఇటుక రంగు వచ్చింది.

"చక్కెరను ఒంటికి పట్టించే రసం ఈమెకు ఊరుతలేదు," అన్నాడు. "అది సూదితోని మనమే ఇయ్యాలె. రోజు పొద్దుగాల."

"ఎన్ని దినాలు సాబ్?"

"బతికినన్ని దినాలు."

 డాక్టరు మిగతాది కూడా చెప్పాడు. సూది వేసుకున్నాక అన్నం తినాలి. తినకపోతే ఒంట్లో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చేతులు వణుకుతాయి, చెమట కారిపోతుంది, నాలుక తిరగదు, మనిషి సోయి తప్పి ఏదేదో మాట్లాడుతుంది. అప్పుడు వెంటనే బెల్లం నీళ్లు తాగించాలి. సూది మానేస్తే దీనికి ఎదురు జరుగుతుంది. చక్కెర ఎక్కిపోతుంది. దప్పిక, వాంతులు, కడుపులో నొప్పి, పొడుగాటి ఊపిరి. అప్పుడు బెల్లం విషంతో సమానం. ఇంట్లో చేసేదేమీ ఉండదు, దవాఖానకు రావలసిందే.

"రెండిట్ల ఏదో మాకు తెల్వకపోతే?" అని మంచం మీద నుంచి యాదవ్వ అడిగింది.

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. "మంచిగ అడిగినవ్. తెల్వకపోతే ఒక్కసారి బెల్లం నీళ్లు తాపమను. పావుగంటల తేరుకుంటె సరి. తేరుకోకపోతే మల్ల తాపొద్దు. బండి కట్టాలె. సోయి మొత్తం లేకపోతే మాత్రం నోట్ల చుక్క పొయ్యొద్దు, ఊపిరితిత్తులకు పోతది."

మొండయ్య ఆ మాటలు దారి పొడుగునా మనసులో తిప్పుకుంటూ వచ్చాడు. మరిచిపోలేదు. అదే తర్వాత అతనికి బరువైంది.

మందు సీసాను చల్లగా ఉంచాలని చెప్పారు. రంజన్ కింద తడి ఇసుకలో రేకు డబ్బా పెట్టి అందులో దాచారు. సూది వెయ్యడానికి రాజం వచ్చేవాడు. నిజాం ఫౌజు దవాఖానలో కంపౌండర్‌గా చేసి, ఫౌజు పోయాక ఊరికి వచ్చి కట్లు కడుతూ, సూదులు వేస్తూ బతుకుతున్న మనిషి. గాజు సిరంజిని గిన్నెలో మరిగించడానికి కమలవ్వ పొయ్యి అడిగేవాడు. "మీ ఇంట్ల నాకు చాయ లేదు గని, నా సూదికి మాత్రం వేడినీళ్లు ఉన్నయి," అని రోజూ అనేవాడు. రోజూ అన్నా కమలవ్వ ఒక్కసారి కూడా చాయ పెట్టలేదు.

నెల తిరిగేసరికి యాదవ్వ ఒళ్లు కొంచెం పట్టింది. రెండు మగ్గాలు మళ్లీ నడిచాయి. అంతలో శంకరవ్వకు ఒక్కపొద్దు గుర్తుకొచ్చింది.

ఆ మొక్కు ఈ రోగానికి ముందుది. యాదవ్వ కడుపున మనవడు పుట్టాలని, మంగళవారం మంగళవారం కోడలి చేత పోచమ్మకు ఒక్కపొద్దు ఉండిస్తానని శంకరవ్వ మొక్కుకుంది. మొక్కింది అత్త, ఉండవలసింది కోడలు. పొద్దున లేచి తలస్నానం చేసి, సాయంత్రం దీపం పెట్టేదాకా నోట్లో ఏమీ వేసుకోకూడదు. దవాఖాన గొడవలో కొన్ని వారాలు తప్పిపోయాయి.

"డాక్టర్ సాబ్ సూది మీద తినుమన్నడత్తా," అన్నది యాదవ్వ.

"ఆరు దినాలు తింటనే ఉన్నవ్. ఒక్క దినం తల్లికి ఇయ్యవా? ఆ తల్లి కోపంతోనే నీ కడుపు గిట్లయింది."

ఆ మంగళవారం పొద్దున రాజం వచ్చి సూది వేసి పోయాడు. ఒక్కపొద్దు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేవేళ యాదవ్వ రాట్నం ముందు కూర్చుని ఉండగా పోగు తెగింది. అతికింది. మళ్లీ తెగింది. వేళ్లు వణుకుతున్నాయి. జాకెట్టు వీపంతా తడిసిపోయింది. "కండె లేదా?" అని శంకరవ్వ లోపలి నుంచి వచ్చేసరికి యాదవ్వ తల ఊగుతోంది, చూపు ఎక్కడో ఉంది. చేతిలోని కండెను అత్త మీదికి విసిరింది.

"ఏమే శంకరీ, పో అవతలికి," అన్నది. గొంతు ఆమెది కాదు.

కోడలు అత్తను పేరుపెట్టి పిలవడం సాలెవాడలో ఎవరూ విననిది. గోడ అవతల నుంచి రామవ్వ పరుగెత్తుకొచ్చింది. ఒక్కసారి చూసింది. పమిట భుజం మీదికి లాక్కుని, "తల్లి వచ్చిందక్కా. ఇయ్యాల మంగళారం గాదు? సాక తే," అన్నది.

సాక అంటే పోచమ్మకు పోసే బెల్లం నీళ్లు. పసుపు, వేపాకు వేసి కలుపుతారు. శంకరవ్వ చెంబు నింపుకొచ్చింది. యాదవ్వ గటగట తాగింది. రామవ్వ వేపమండతో విసురుతూ, "శాంతించు తల్లీ, తప్పయింది తల్లీ," అంటూ ఉండగానే ఊగడం తగ్గింది. చెమట ఆరింది. యాదవ్వ చుట్టూ చూసి, "ఏమైందత్తా? కండె యాడ పడ్డది?" అని అడిగింది.

శంకరవ్వ ఆమె కాళ్లకు మొక్కింది.

తర్వాతి మంగళవారం కూడా తల్లి వచ్చింది. ఆ తర్వాతిదీ. బుధవారం రాదు, గురువారం రాదు. ఒక్కపొద్దు ఉన్ననాడే, పొద్దు నడినెత్తికి వచ్చేవేళకే వస్తుంది. సాక తాగితే శాంతిస్తుంది. ఇంతకన్నా రుజువు ఎవరికి కావాలి? వాడ నుంచి జనం రావడం మొదలైంది. తప్పిపోయిన ఆవు ఎటు పోయిందని అడిగారు. యాదవ్వ సోయి లేకుండా చెయ్యి ఎటో విసిరితే ఆ దిక్కున వెతికారు. ఆవు దొరికింది. ఆవులు మామూలుగానే దొరుకుతాయన్న సంగతి ఆ రోజు ఎవరికీ తోచలేదు.

అసలు సంగతి యాదవ్వకు తెలుసు. దవాఖానలో విన్నది ఆమె మరిచిపోలేదు. ఒకరోజు ఎవరూ లేనప్పుడు రాజం కూడా అడిగాడు.

"మంగళారం తింటలేవట?"

"ఒక్కపొద్దు కాకా."

"సూది ఏస్కొని ఒక్కపొద్దా? అది తల్లి కాదు పిల్లా, చక్కెర పడిపోవుడు. ఒకనాడు పడ్డది లేవదు. మీ అత్తకు నేను చెప్పాల్నా?"

"జర ఆగు కాకా." యాదవ్వ రాట్నం వైపు చూస్తూ అన్నది. "ఇప్పుడు మా అత్త నాకు ముందు పెట్టి తను తింటున్నది."

రాజం సిరంజి తుడుచుకున్నాడు. "నా సూదిని తల్లి మింగింది పో," అని గొణుక్కుంటూ పోయాడు. కాని మంగళవారాలు సూది మోతాదు కొంచెం తగ్గించి వేసేవాడు. అతనికి తెలిసిన ఉపాయం అదొక్కటే.

మొండయ్యతో మాత్రం యాదవ్వ దాచలేదు. అతను మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె అతని ఒళ్లో ఉంది.

"నాకెర్కనే," అన్నాడు. "డాక్టర్ సాబ్ చెప్పినట్టే అయితున్నది. అవ్వకు చెప్పుదమా?"

"చెప్పు. చెప్పినంక నన్ను ఏమంటదో గది గూడ నువ్వే ఇను."

మొండయ్య నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి నాడె తీసుకున్నాడు. చెప్పలేదు. ఆ ఇంట్లో కొన్నాళ్లుగా తిట్లు వినబడటం లేదు. మగ్గం మీద కూర్చునే మనిషికి అది చిన్న విషయం కాదు.

యాదవ్వ తనకు తానే ఒక ఒడుపు నేర్చుకుంది. మొదట పెదవుల చుట్టూ తిమ్మిరి పట్టేది. తర్వాత కడుపులో పెద్ద ఆకలి. తర్వాతే వణుకు. తిమ్మిరి పట్టగానే "సాక" అని అడిగితే అంతటితో ఆగిపోతుందని కనిపెట్టింది. అలా ఒకటి రెండుసార్లు చేసింది. వచ్చినవాళ్ల ముఖాలు చిన్నబోయాయి. దూరం నుంచి నడిచి వచ్చిన ముసలమ్మ ఒకామె, "మా మాట అడగకముందే తల్లి పాయె," అని ఏడ్చింది. అప్పటి నుంచి యాదవ్వ వణుకు మొదలయ్యేదాకా ఆగి, మాట పోయే ముందు అడిగేది. ఆ రెండింటి నడుమ ఉన్న చోటు వారం వారం ఒకేలా ఉండదు. ఒక్కోసారి దాటిపోయేది. తేరుకున్నాక తల బండలా ఉండేది, మర్నాటి దాకా మనుషుల పేర్లు గుర్తుకొచ్చేవి కావు.

దాదాపు మూడేళ్లు ఇలా నడిచింది.

1960 చైత్రంలో బుచ్చిరాములు చిన్న బిడ్డ నర్సవ్వకు జ్వరం వచ్చి, ముఖం మీద పొక్కులు లేచాయి. తల్లి పోసిందన్నారు. పెద్ద పోత, అంటే మశూచి. గుమ్మానికి వేపమండలు కట్టారు. తల్లి ఇంట్లో ఉన్నన్ని రోజులు పాటించవలసినవి సాలెవాడలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. తాలింపు పెట్టకూడదు. మగ్గం చప్పుడు వినబడకూడదు. ఇంటివాళ్లు ఇంకొకరి గడప తొక్కకూడదు. ఇనుము ఒంటికి తగలకూడదు. కత్తెర, కత్తి, సూది అన్నీ దూరం పెట్టాలి.

పొద్దున రాజం గిన్నె తీసుకుని వచ్చేసరికి శంకరవ్వ గుమ్మంలో నిలబడి ఉంది.

"గడప దిగు రాజం. ఇంట్ల తల్లి ఉన్నది."

"నేను పిల్లకు ఏస్తలేనక్కా. నీ కోడలికి."

"ఎవలికైతేంది? గడపలకు సూది రావద్దు. అండ్ల తల్లి పలికే ఒంటికా?"

"మూడేండ్ల సంది గా ఒంటికే ఏస్తున్న గద. అప్పుడు తల్లికి కోపం రాకపాయె."

"అప్పుడు మా ఇంట్ల పిల్లకు పొయ్యకపాయె."

రాజం గిన్నెతో గడప దిగాడు. యాదవ్వ వైపు చూశాడు. ఆమె లోపల స్తంభానికి ఆనుకుని ఉంది. అతను పోయాక అత్త వెనకాలే పెరట్లోకి పోయింది.

"అత్తా, ఒక మాట చెప్త, కోపం చెయ్యకు. మంగళారం వచ్చేది తల్లి గాదు. సూది మీద తినకుంటె అట్లయితది. డాక్టర్ సాబ్ అప్పుడే చెప్పిండు. సూది లేకపోతే నేను బతుక."

శంకరవ్వ చేతిలోని చెంబు కింద పెట్టింది. కోపం కన్నా భయమే ఎక్కువ ఆమె ముఖంలో.

"పిల్ల లోపట మూలుగుతుంటె తల్లిని కాదంటవా? నా ముంగట అన్నవు గని ఇంకెవ్వల ముంగట అనకు. లెంపలేసుకో."

యాదవ్వ లెంపలు వేసుకుంది. మూడేళ్ల కిందట ఈ మాట చెప్పి ఉంటే తిట్లు పడేవి. ఇప్పుడు చెబితే నమ్మేవాళ్లే లేరు.

మొండయ్య రాజంతో ఒక ఏర్పాటు చేసుకున్నాడు. తెల్లవారుతుండగా యాదవ్వ స్నానానికి గోదావరి రేవుకు పోతుంది. రాజం అక్కడికి వస్తాడు. మొదటి రోజు జరిగింది. మర్నాడు కూడా జరిగింది. ఆ రోజు రేవులో బట్టలు పిండుకుంటున్న ఒక ఆడమనిషి చూసింది. మధ్యాహ్నానికి సంగతి వాడలోకి వచ్చింది. సాయంత్రానికి నర్సవ్వ పొక్కులు చీము పట్టి రెండు కండ్లూ మూసుకుపోయాయి. ఆ రోగంలో ఆ రోజుకు అంతే జరుగుతుంది. కాని రేవు సంగతి, కండ్ల సంగతి ఒకే రోజు వినబడ్డాయి.

మరదలి ముందు బావ ఎదురుగా నిలబడి మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో లేదు. ఆ సాయంత్రం బుచ్చిరాములు వచ్చి యాదవ్వ ముందు నేల మీద పడ్డాడు. తల ఆమె పాదాలకు తగిలింది.

"నా బిడ్డ కండ్లు తెరిచేదాక ఆగు తల్లీ. సూది పొడిపిచ్చుకోకు. నీ కాళ్లు మొక్కుత."

యాదవ్వ వెనక్కి జరిగింది. "నేను యాదవ్వను బావా."

"ఎర్కనే తల్లీ."

కమలవ్వ తలుపు దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. మొండయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. యాదవ్వ అందరి వంకా చూసి, "సరే," అన్నది.

మర్నాటి నుంచి సూది లేదు. మొదట దప్పిక వచ్చింది. పాత దప్పికే, రంజన్ అడుగంటే దప్పిక. ఈసారి ఎవరూ తిట్టలేదు. కమలవ్వే నీళ్లు తెచ్చి పోసింది. ఆ తర్వాత యాదవ్వకు కూర్చుంటే కండ్లు తిరిగాయి. అన్నం చూస్తే డోకు వచ్చింది. కడుపు పట్టుకుని ముడుచుకుంది. ఊపిరి మారింది. పరుగెత్తి వచ్చిన మనిషిలా లోతుగా, ఆగకుండా పీలుస్తోంది. దగ్గరికి పోతే నోటి నుంచి ఎండబెట్టిన ఇప్పపూల వాసన.

తల్లి పోసిన ఇంట్లోకి బయటివాళ్లు రారు. వాకిలి దాకా వస్తారు. రామవ్వ వాకిట్లో నుంచే చూసింది.

"మంగళారం గాకున్న వచ్చింది తల్లి. ఇద్దరిని పట్టింది గద, పెద్దగనే వస్తది. సాక పొయ్యిన్రి."

శంకరవ్వ సాక తెచ్చింది. యాదవ్వ ఆ చెంబును రెండు చేతులతో పట్టుకుని అంతా తాగింది. దప్పికకు ఏమిచ్చినా తాగే స్థితి. తాగింది సగం కక్కింది. ఊపిరి తగ్గలేదు.

"అవ్వా, మల్ల పొయ్యకు," అన్నాడు మొండయ్య. "డాక్టర్ సాబ్ ఒక్కపారే అన్నడు. లేవకపోతే బండి కట్టుమన్నడు. ఇది మంగళారంది గాదు. సూడు, చెమట లేదు. ఒళ్లు ఎండిపోయి ఉన్నది."

"మూడేండ్లు గిదే సాక తోని లేపిన. నాకు తెల్వదా? ఓర్సుకో."

"అవ్వా, గప్పుడు చక్కెర పడిపోయె. గిప్పుడు ఎక్కింది. రెండు ఒక్కటి గావు."

"నువ్వేమన్న డాక్టరువా?"

మొండయ్య డాక్టరు కాడు. అతను చెప్పింది మాత్రం సరిగ్గా డాక్టరు మాటే. శంకరవ్వ రెండో చెంబు పోసింది. సాయంత్రం మూడోది. వాకిట్లోకి జనం వచ్చారు. ఇంత సేపు తల్లి ఉండటం ఎప్పుడూ లేదు, అడగవలసినవన్నీ అడుగుదామని వచ్చారు. లచ్చయ్య అనే రైతు చేతులు కట్టుకుని, "ఈ ఏడు కాలమైతదా తల్లీ?" అని అడిగాడు. యాదవ్వ కండ్లు సగం తెరిచి, "నీళ్లు, నీళ్లు," అన్నది. లచ్చయ్య కొబ్బరికాయ కొట్టి తృప్తిగా పోయాడు.

మర్నాడు పొద్దున పిలిస్తే పలకలేదు. కండ్లు తెరుస్తుంది, చూపు లేదు. శంకరవ్వ మళ్లీ చెంబు పట్టుకుని వస్తుంటే మొండయ్య అది లాక్కుని వాకిట్లో పారబోశాడు. తల్లి పోసిన ఇంట్లో ఎవరూ అంత గట్టిగా కదలరు. లోపల నర్సవ్వ ఉలిక్కిపడి ఏడ్చింది. బుచ్చిరాములు తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. మొండయ్య విడిపించుకుని పోయి లచ్చయ్యను బండి అడిగాడు. పంటకు నీళ్లు వస్తాయని విన్న మనిషి కదా, లచ్చయ్య కాదనలేదు.

పెద్దపల్లి పోయే బస్సు ఊరి చివర ఆగి ఉంది. మొండయ్య బండి దిగి యాదవ్వను ఎత్తుకున్నాడు. ఆమె నుదుటి మీద పసుపు, జడలో వేపరెమ్మ. బస్సులోని వాళ్లు చూశారు.

"తల్లి పోసిన ఇంటోళ్లు. ఎక్కిచ్చుకోకు, మేం దిగిపోతం," అన్నారెవరో. కండక్టరు ఏదో నచ్చజెప్పబోయాడు. సగం మంది లేచి నిలబడ్డారు. మొండయ్య వెనక్కి తిరిగి బండి ఎక్కాడు.

ఎద్దులు పెద్దపల్లి చేరేసరికి పొద్దు వాలింది. దారిలో ఒక వాగు దగ్గర ఆపి, యాదవ్వ నుదుటి పసుపు తువ్వాలతో తుడిచాడు. వేపరెమ్మ తీసి నీళ్లలో వేశాడు. తడి తువ్వాల ఆమె పెదవులకు అద్దాడు, నోట్లో పోయలేదు. పెద్దపల్లిలో కరీంనగర్ బస్సు ఎక్కేటప్పుడు, "ఏమైంది?" అని అడిగితే, "కడుపు నొప్పి," అని చెప్పాడు. ఎక్కనిచ్చారు.

దవాఖానలో అదే డాక్టరు. ఊపిరి చూసి, వాసన చూసి, అడగవలసిన అవసరం లేకుండానే నర్సును పిలిచాడు. చేతికి సెలైన్ పెట్టారు. మందు సీసాలు తెచ్చారు.

"సూది ఎప్పుడు ఆపిన్రు?"

మొండయ్య చెప్పాడు.

"ఎందుకు?"

"ఇంట్ల తల్లి పోసింది సాబ్."

"ఈమెకా?"

"కాదు. మా అన్న బిడ్డకు."

డాక్టరు సెలైన్ చుక్కలు సరిచేశాడు. "వాంతులు షురూ అయిన దినమే వస్తే బతికిస్తుంటి," అన్నాడు. "ఇప్పుడు చేసేది చేస్తున్న."

చేశాడు కూడా. తెల్లవారేసరికి యాదవ్వ ఊపిరి కొంచెం నెమ్మదించింది. కండ్లు తెరిచి మొండయ్యను చూసింది, గుర్తుపట్టింది.

"పిల్ల కండ్లు తెరిచిందా?"

"తెరిచింది," అన్నాడు మొండయ్య. అతనికి తెలియదు.

"మీ అవ్వకు మాత్రం సూది ఏసుకున్ననని చెప్పకు." మళ్లీ కండ్లు మూసుకుంది. పొద్దెక్కాక గుండె లయ తప్పింది. డాక్టరు పరుగెత్తి వచ్చాడు. మధ్యాహ్నం కాకముందే అయిపోయింది.

మొండయ్య ఆమెను మంథని తీసుకుపోలేదు. తీసుకుపోనిచ్చే బండి దొరకలేదు. దవాఖాన పనివాళ్లు ఇద్దరు సాయం వస్తే మానేరు ఒడ్డున దహనం చేశాడు.

అతను ఇంటికి వచ్చేసరికి నర్సవ్వ మంచం మీద లేచి కూర్చుని ఉంది. ముఖమంతా పొక్కులు ఎండి పక్కులు కట్టాయి. కండ్లు తెరుచుకున్నాయి, ఒకదానిలో పువ్వు వేసింది. కమలవ్వ గిన్నెలో మెత్తని అన్నం పెట్టి తినిపిస్తోంది. గుమ్మానికి వేపమండలు ఇంకా తియ్యలేదు.

మొండయ్య ఒక్కడే రావడం చూసి శంకరవ్వ కూలబడింది. ఆమె ఏడుపులో నటన లేదు. మూడేళ్లుగా తను ముందు పెట్టి తర్వాత తిన్న మనిషి కోసం ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, అడిగింది.

"దవాఖానల సూది పొడిచిన్రా?"

మొండయ్య భుజం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు.

"పొడిచిన్రు. నాకెర్కనే. తల్లి ఉన్న ఒంట్ల సూది పొడిస్తె ఉంటదా? ఎల్లిపోయింది. దాన్ని తోలుకోని పోయింది." కొడుకు రెండు చేతులూ పట్టుకుంది. "తీస్కపోకు అంటె ఇనకపోతివి బిడ్డా. ఇంట్లనే ఉంటె బతుకుండె. సూడు, సూది ఆపినందుకు పిల్ల బతికింది."

వాకిట్లో రామవ్వ, ఇంకా నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అందరూ తల ఊపారు. బుచ్చిరాములు తమ్ముడి ముఖంలోకి చూడలేక బిడ్డ తల నిమురుతున్నాడు. డాక్టరు మాటలు మొదటి నుంచి చివరి దాకా మొండయ్యకు నోటికి వచ్చు. అవి చెప్పాలంటే మూడేళ్ల మంగళవారాలన్నీ అబద్ధమని ముందు చెప్పాలి. యాదవ్వకు తెలుసని చెప్పాలి. తనకు కూడా తెలుసని చెప్పాలి. నర్సవ్వ ముద్ద మింగి, "సిన్నవ్వ ఏది?" అని అడిగింది.

కమలవ్వ ఇంకో ముద్ద నోటికి అందించింది. మొండయ్య చెప్పులు విప్పి లోపలికి పోయాడు. మగ్గం మోగకూడని రోజులు ఇంకా ఉన్నాయి కాబట్టి గుంట గట్టు మీద ఊరికే కూర్చున్నాడు. సాలెవాడలో ఆ ఏడాది చాలా ఇండ్లలో తల్లి పోసింది. ఏ ఇంట్లోనూ ఎవరూ కరీంనగర్ దవాఖాన పేరు ఎత్తలేదు.